పడుకునే సీటు

ఆ ఇంట్లో పొద్దున్నే పాలొచ్చాయా అని అడగడం మానేసి చాలా రోజులైంది. రెబెక్కమ్మ కళ్లు తెరవగానే అడిగేది ఒకటే.

"ఏం రా రూఫసూ, సీటొచ్చిందా?"

"ఇంకా లేదుమా. చూస్తా ఉండా."

వరండాలో ఒక చేత్తో పళ్లు తోముకుంటూ, రెండో చేతిలో ఫోను చూసుకుంటూ కొడుకు చెప్పే సమాధానమూ ఒకటే. వంటింట్లో కారం దోశ తిరగేస్తున్న కోడలు ఏంజెలిన్ ఆ రెండు మాటలూ వినీ విననట్టు పొయ్యి మంట తగ్గించేది.

సీటంటే ఎన్నికల సీటూ కాదు, కాలేజీ సీటూ కాదు. విమానంలో ముందు భాగాన ఉంటుందే, మంచంలా వెనక్కి వాలిపోయేది, అది. వానాకాలం మొదట్లో రొయ్యల గుంట గట్టు మీద జారిపడి రెబెక్కమ్మ నడుము విరగ్గొట్టుకుంది. నెల్లూరు డాక్టరు స్క్రూలు బిగించి, నెలల తరబడి మంచం మీద ఉంచి, ఆఖరికి చేతికర్ర ఇచ్చి నడిపించాడు. ప్రయాణం చేయొచ్చా అని అడిగితే, "పడుకుని పోతే ఐర్లండు కాదు, ఆ అవతలకైనా పోవచ్చు. కూర్చుని మాత్రం తోటపల్లి గూడూరు నుంచి నెల్లూరు దాకానే" అన్నాడు.

ఐర్లండు మాట డాక్టరు ఊరికే అనలేదు. కూతురు అబిగయీలు అక్కడ నర్సు. మొదటి కాన్పు చేతికందకుండా పోయింది. ఇది రెండోది, నెలలు నిండుతున్నాయి. అల్లుడికి షిఫ్టు డ్యూటీలు. ఆ పిల్ల ఫోనులో నవ్వుతూనే మాట్లాడుతుంది, పెట్టేసేముందు మాత్రం గొంతు తగ్గించి, "మా, నువ్వు పక్కన కూర్చోనుంటే చాలు, ఏమీ చెయ్యబళ్లా" అంటుంది. ఆ మాట విన్న రోజు రెబెక్కమ్మకు అన్నం సయించదు.

ఆ సీటు డబ్బు పెట్టి కొనే తాహతే ఉంటే ఈ కథే లేదు. ఉన్నదల్లా రూఫస్ కార్డు. అతను రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో మనిషి. కొనేవాళ్ల చుట్టూ దేశాలు పట్టుకుని తిరగడమే ఉద్యోగం. ఒకే కంపెనీ విమానం ఎక్కీ ఎక్కీ బంగారు కార్డు సంపాదించాడు. అది ఇంటికొచ్చిన రోజు రెబెక్కమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని ప్రార్థన చేసింది. ఆమె మంచాన పడి ఉన్నప్పుడు, చెల్లెలు నీళ్లోసుకుందన్న కబురు తెచ్చి, పక్కన కూర్చుని రూఫసే చెప్పాడు.

"నేను తిరిగిన తిరుగుడుకి మైళ్లని జమవుతాయిమా. మామూలు టికెట్టు కొని, ఆ మైళ్లతో ముందు సీటుకు మార్చమని అడగొచ్చు. ముందర సీట్లు మిగిలితే కార్డుల వరసలో ఇస్తారు. బంగారు కార్డోళ్లకు ముందు, వెండి కార్డోళ్లకు తర్వాత. నీ నడుము కుదురుకోనీ, పడుకోబెట్టి నేనే తీసకపోతా. దాదాపు వచ్చినట్టే."

దాదాపు అన్న మాట తల్లి చెవిన పడలేదు. అలాంటి మాటలు తల్లుల చెవిన పడవు.

అంతటితో ఆగినా బాగుండేది. పోయిన ఆదివారం గుడిలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, రెబెక్కమ్మ కర్ర ఊతంగా లేచి నిలబడింది. విశ్వాసం ఉన్నవాళ్లు చేతికందక ముందే అందిందని చెప్పాలని ఆమె నమ్మకం. "నడుము లేనిదానికి ప్రభువు ఆకాశంలో మంచం వేయించినాడు. సీటొచ్చేసింది" అని చెప్పి, కొంగు ముడి విప్పి కృతజ్ఞత కానుక కూడా వేసింది. సంఘమంతా ఆమెన్ అంది. మగవాళ్ల వైపు కూర్చున్న రూఫస్ తల వంచుకున్నాడు. ప్రార్థన చేసుకుంటున్నాడనుకుంది తల్లి.

ఇక ఊరికి వేరే పని లేదు. శనివారం పొద్దున ఎదురింటి ఆదిశేషమ్మ ఎండ్రొయ్యల పొడి సీసాతో దిగింది.

"అబిగయీలుకిష్టమని చేసినా. నువ్వు పండుకోని పోతావంట గదక్కా. మధ్యలో లేపి కాఫీ ఇస్తారా?"

"ఇస్తారంట. వీడు చెప్పినాడు" అంది రెబెక్కమ్మ గొప్పగా. ఆదిశేషమ్మ వెళ్లాక కొడుకు వైపు తిరిగింది. "మంగళవారానికే గదరా మనిద్దరి టికెట్లు. ఇంకా ఆ ఫోనులోకి చూస్తా ఉంటే ఎట్టా? వాళ్లకు ఫోన్ జెయ్యి. నా ముందరే జెయ్యి. పెద్దగా వినపడేట్టు పెట్టు."

"వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడతారుమా, నీకు తెలీదు."

"గొంతు తెలస్తాది గదా. జెయ్యి."

రూఫస్ భార్య వైపు చూశాడు. ఏంజెలిన్ ముఖం తిప్పుకుంది. చాలాసేపు సంగీతం వినిపించాక ఎవరో అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. రూఫస్ బతిమాలాడు, తల్లి నడుము సంగతి చెప్పాడు, డాక్టరు చీటీ ఉందన్నాడు. ఆ అమ్మాయి ప్రతిదానికీ సారీ అంది. ఆ ఇంగ్లీషంతటిలో రెబెక్కమ్మకు అర్థమైనవి రెండే మాటలు. ఒకటి సారీ. రెండోది సిల్వర్.

"సిల్వరంటే వెండే గదరా?"

రూఫస్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"మనది బంగారు కార్డు. నేను చేత్తో పట్టుకున్నా. వెండి ఎట్టా అయింది?"

"పోయిన నెల ఏడాది తిరగ్గానే మార్చినారుమా. వాళ్ల పద్ధతులు అట్టా ఉంటాయి."

"అంటే నేను సాక్ష్యం చెప్పేటప్పటికే నీకు తెలుసు."

"నువ్వు లేసి చెప్తావని నాకు తెలీదుమా. వెండోళ్లకు గూడా ఒక్కోసారి వస్తాది. ఆ ఆశతోనే..."

"ఆశ నీకు. ఆడ బిడ్డ కడుపు పట్టుకోని నా కోసం చూస్తా ఉండాది. దేవుడి ఇంట్లో నిలబెట్టి నా చేత అబద్ధం చెప్పించినావు. ఊళ్లో నేను తలెత్తుకోని ఎట్టా తిరిగేది? నీకేంలే, దేశాలు తిరిగేటోడివి. తల్లి నొప్పి, చెల్లెలి కష్టం నీకెట్టా తెలస్తాది?"

రూఫస్ గుంటల వైపు చూస్తూ నిలబడ్డాడు. అది చూసి ఆమెకు ఇంకా ఒళ్లు మండింది. అప్పుడు వంటింట్లోంచి ఏంజెలిన్ వచ్చింది. పెళ్లయినప్పటి నుంచి అత్త ముందు గొంతు లేపని పిల్ల.

"అత్తమ్మా, ఏడాదిలో ఇన్నిసార్లని విమానం ఎక్కితేనే అది బంగారు కార్డుగా ఉంటాది. ఎక్కకపోతే దించేస్తారు."

"ఎక్కబళ్లా మరి? ఎవురొద్దన్నారు?"

"ఏంజీ, నువ్వు లోపలికి పో" అన్నాడు రూఫస్.

"పోను. ఈ మాట చెప్పకుండా ఇన్నాళ్లు ఉన్నదే ఎక్కువ." ఏంజెలిన్ కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. "మీరు పడింది వానల్లో గదత్తమ్మా. ఆ వానలు పోయి చలి పోయిందాకా ఈయన ఇల్లు కదిలినాడా? దుబాయి పోవాల్సింది, స్పెయిన్ పోవాల్సింది, అన్నీ ఇంకొకరికి ఇచ్చేసినాడు. వాళ్ల మేనేజరు ఫోన్ జేసి అరిస్తే ఈ వరండాలోనే నిలబడి విన్నాడు. పోయుంటే కార్డు నిలిచేది. మిమ్మల్ని వదిలిపెట్టి పోలేకనే వెండికొచ్చింది."

సీజన్ బాగాలేదు, అందుకే పంపడం లేదని కొడుకు చెబితే రెబెక్కమ్మ నమ్మింది. మగపిల్లోడు ఇంట్లో కూర్చుంటే ఏం బాగుంటుందని సాధించింది కూడా. ఆ రోజులన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. కోడలికి బరువు ఆగదని తనను అటు తిప్పిందీ ఇటు తిప్పిందీ వాడే. సిగ్గుతో తాను ఏడిస్తే, చిన్నప్పుడు నాకు నువ్వు చెయ్యలేదా అంటూ శుభ్రం చేసిందీ వాడే. మంచం పక్కన ఇనప కుర్చీలో వీపు నిటారుగా పెట్టుకుని కూర్చునేవాడు. పడుకోరా అంటే పడుకుంటాలే అనేవాడు. పడుకోగా తాను ఎన్నడూ చూడలేదు.

క్షమించమని అడగడం రెబెక్కమ్మకు దేవుడి దగ్గర అలవాటే గానీ కొడుకు దగ్గర అలవాటు లేదు. అందుకని వేరే మాట అంది.

"కూర్చోనే పోతా."

"డాక్టరు వద్దన్నాడుమా."

"కుర్చీ వెయ్యి. చూద్దాం."

వరండాలో కుర్చీ వేశారు. ఆమె పళ్లు బిగించి కూర్చుంది. ఐర్లండు ఎంత దూరమో ఆమెకు తెలియదు గానీ, పొయ్యి మీది కుక్కరు మొదటి కూత కూడా వేయకముందే కాళ్లు మొద్దుబారాయి. నడుములోంచి మంట పైకి పాకింది. నుదుట చెమటలు పట్టాయి. బిడ్డ ముఖాన్ని తలుచుకుంది, ప్రభువును తలుచుకుంది. ఏదీ నడుముకు పనికి రాలేదు.

"నా వల్ల కాలేదురా" అంది చిన్నగా. ఆ మాట అంటూనే పసిపిల్లలా ఏడ్చింది.

రూఫస్ ఒక చెయ్యి మోకాళ్ల కిందా, ఒక చెయ్యి భుజాల కిందా పెట్టి ఆమెను లేపాడు. ఎక్కడ పట్టుకుంటే నొప్పి లేదో ఆ చేతులకు తెలుసు. మంచం మీద పడుకోబెట్టి, కాళ్ల కింద దిండు సర్దాడు. ఆమె ఆ చెయ్యి వదల్లేదు.

"నువ్వు పో నాయనా. నీ టికెట్టు ఉండాది గదా. కాన్పయ్యేదాకా దాని కాడే ఉండు."

"పురుటి కాడ మగోడు ఏం జేస్తాడుమా?"

"నాకు చేసిందెవురు?"

ఏంజెలిన్ గోడ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మరునాడు గుడిలో రెబెక్కమ్మ మళ్లీ లేచి నిలబడింది. పాస్టరు సుశీల్ కుమార్ అయ్యగారు, కూర్చునే చెప్పమ్మా, నొప్పి గదా అన్నా వినలేదు.

"పోయిన వారం నేను చెప్పింది తప్పు. సీటు రాలేదు. వస్తాదో రాదో గూడా తెలీకుండా వచ్చిందని చెప్పినా. బిడ్డ కాడికి పోలేక ఈడనే ఉండిపోతా ఉండా." కర్రను రెండు చేతులా పట్టుకుంది. "ప్రభువు నాకిచ్చింది సీటు గాదు. ఆయన నాకిచ్చినోడు ఆడ కూర్చోనుండాడు."

మగవాళ్ల వైపు చూపించబోయి, చెయ్యి సగంలోనే దించేసింది. ఎవరూ ఆమెన్ అనలేదు. వెనక వరసలో ఎవరో ముక్కు చీదుకున్నారు.

మంగళవారం రూఫస్ ఎండ్రొయ్యల పొడి సీసా పెట్టెలో పెట్టుకుని, తల్లి ప్రార్థన చేయించుకుని, చెన్నైకి బయల్దేరాడు. పొద్దు గూకే వేళ గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్లు తిరగడం మొదలైంది. రెబెక్కమ్మ మంచం మీద పడుకుని ఆ చప్పుడే వింటోంది. ఫోను మోగింది. ఏంజెలిన్ తెచ్చి చెవి దగ్గర పెట్టింది.

"మా." అవతల రూఫస్ గొంతు బాగాలేదు.

"ఏమైంది నాయనా? విమానం తప్పిపోయిందా?"

"లేదుమా. ఎక్కినా. వెనక ఉన్న సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్మినారంట. ఒంటరిగా ఉన్నోణ్ణి ఒకర్ని ముందుకు పంపించాలని నన్ను పిలిచినారు. ముందర సీటు ఇచ్చినారుమా. పడుకునేది. ఇద్దరుంటే ఇచ్చుండరంట. నాకెందుకుమా ఇది? నేనేం జేసుకోను?"

అతను ఏడుస్తున్నాడు. చుట్టూ మనుషులున్నారని గొంతు నొక్కి పట్టి ఏడుస్తున్నాడు. రెబెక్కమ్మకు లేచి వాడి కాడికి పోవాలనిపించింది. లేవలేదు. ఆమె చేతిలో ఉన్నది ఆ ఫోను ఒక్కటే. దాన్ని చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"నిజంగా వెనక్కి వాలతాదా అది?"

"వాలతాదిమా. మంచం మాదిరే."

"దుప్పటిచ్చినారా?"

"ఇచ్చినారు."

"అయితే పడుకో నాయనా. నా మంచం కాడ ఎన్నాళ్లు కూర్చున్నావు. పడుకో. చెల్లెలి కాడికి పోయినాక మళ్లీ కూర్చోవాల గదా."

అవతల ఎవరో ఫోను ఆపమని చెప్పినట్టున్నారు. మాట తెగిపోయింది. రెబెక్కమ్మ ఫోనును గుండె మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. పక్కన ఇనప కుర్చీ ఖాళీగా ఉంది. చీకటి పడిందని ఏంజెలిన్ లోపలికొచ్చి లైటు వేయబోయింది.

"వద్దులేమ్మా" అంది రెబెక్కమ్మ, మెల్లగా. "వాడు పడుకోనుండాడు."