బిస్కట్ డబ్బాలోని కార్డు

హయ్‌ఫా కాకిష్ డిటెక్టివ్ ఆఫీసుకి ఏడుస్తూ వచ్చినవాళ్లున్నారు, తిట్టుకుంటూ వచ్చినవాళ్లున్నారు. బిస్కట్ డబ్బాని చంటిపిల్లలా చంకనెత్తుకుని వచ్చిన మనిషి మాత్రం మిస్ గ్వెన్ ఒక్కరే.

జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో లువైబ్దే గుట్ట మీద ఉండే వాళ్లందరికీ ఆమె తెలుసు. కెనడా మనిషి. ఇరవై ఒక్క ఏళ్లుగా అక్కడి పిల్లలకి ఇంగ్లీషు చెబుతూ, వాళ్ల తల్లులతో అరబ్బీలో పోట్లాడుతూ బతుకుతోంది. ఆ బుధవారం ఉదయం నాలుగు అంతస్తులు ఎక్కి వచ్చి, రొప్పుతూ కుర్చీలో కూలబడింది.

"కూర్చోండి, ముందు ఊపిరి తీసుకోండి," అని సేజ్ ఆకు వేసిన టీ గ్లాసు ఆమె ముందుంచారు మున్‌జిర్. ఆయన ముప్పై ఏళ్లు బడిలో భూగోళం చెప్పి రిటైరయిన మాస్టారు. ఇంట్లో ఊరికే కూర్చుంటే భార్య ములూఖియ్యా కూరకి కాడల నుంచి ఆకు దూయిస్తోందని ఇక్కడ సహాయకుడిగా చేరారు. పోస్టల్ శాఖలో ఇరవై రెండేళ్లు తప్పిపోయిన ఉత్తరాల వెంట తిరిగిన హయ్‌ఫా అంటే ఆయనకి వల్లమాలిన గౌరవం. ఆమె తుమ్మినా అందులో ఏదో ఆచూకీ ఉందేమోనని చూస్తారు.

మిస్ గ్వెన్ డబ్బా మూత తీసింది. లోపల పాత ఉత్తరాలు, వాటి కింద ఒక క్రెడిట్ కార్డు.

"ఇది మా దేశం బ్యాంకు కార్డు. ఈ డబ్బా దాటి బయటికి రాదు. కానీ బ్యాంకు లెక్క కాగితం తీసి చూస్తే, ఈ నెల దీని మీద ఇక్కడే, అమ్మాన్‌లోనే, మూడుసార్లు ఎవరో కొన్నారు. జూన్ ఎనిమిదిన మందుల షాపు, పదకొండున డ్రై క్లీనింగు, పదిహేనున పుస్తకాల దుకాణం. చిన్న చిన్న మొత్తాలే."

"ఎవరి మీద అనుమానం?"

మిస్ గ్వెన్ తల అడ్డంగా ఊపింది. "నాకెవరి మీదా లేదు. మా ఇంటి ఓనరు అబూ నాయిఫ్ వెళ్లి ఆరా తీశాడు. మందుల షాపులో ఆ కార్డు ఇచ్చింది మా వాచ్‌మన్ అబూ సుబ్‌హీయేనట. పన్నెండేళ్లుగా నా ఇంటి తాళంచెవి అతని దగ్గరే ఉంది. నిన్న తీసేసుకున్నాను. రేపు మధ్యాహ్నం అతన్ని పోలీసులకి అప్పజెబుతానంటున్నాడు అబూ నాయిఫ్. అతను ఈజిప్టు మనిషి. కేసు పడిందంటే పని పర్మిట్టు పోతుంది, మరునాడే ఓడెక్కించేస్తారు. ఊళ్లో ముగ్గురు ఆడపిల్లలు చదువుకుంటున్నారు."

"అతనేమంటున్నాడు?"

"నోరు మెదపడు! తీశానని అనడు, తీయలేదనీ అనడు."

మున్‌జిర్ తల పంకించారు. నేరం రుజువైపోయిందని ఆయన మనసులో అప్పుడే మార్కులు వేసేశారు.

"మరి ఇన్ని తిప్పలెందుకు? బ్యాంకుకి ఒక్క ఫోన్ కొడితే సరిపోయేదిగా?" అంది హయ్‌ఫా.

మిస్ గ్వెన్ టీ గ్లాసు పక్కన పెట్టింది. "ఎలా కొట్టను? వాళ్ల దృష్టిలో నేను ఇంకా కెనడాలోనే ఉన్నాను. లైట్‌హౌస్ వీధి, పదకొండో నంబరు. అది మా అక్క ఐలీన్ ఇల్లు."

"ఇరవై ఒక్క ఏళ్లుగానా?" అన్నారు మున్‌జిర్ ఆపుకోలేక.

"నాలాంటి వాళ్లందరూ చేసేదే మాస్టారూ! అక్కడ కార్డు నడిపిన చరిత్ర లేకపోతే అద్దెకి గది కూడా ఇవ్వరు. ఎప్పటికైనా తిరిగి వెళ్లాలి కదా. అలాగని వాడకుండా వదిలేస్తే మూసేస్తారు. అందుకే మా ఊరి వార్తాపత్రిక చందా దీని మీద పెట్టాను. నెలనెలా దానంతటదే కట్ అవుతుంది. కార్డు బతికే ఉంటుంది."

హయ్‌ఫా కార్డుని కిటికీ వెలుగులో పట్టుకుని చూసింది. ముందు పేరు, పొడుగాటి నంబరు, దాని కింద చిన్నగా నెలా సంవత్సరమూ. అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆమె పెదవి ఒక పక్కకి వంగడం మున్‌జిర్ గమనించారు. అంటే ఏదో దొరికింది. ఏం దొరికిందో మాత్రం ఆయనకి అంతుపట్టలేదు.

"దీన్ని చివరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్ననే. ఉందో లేదో అని."

"చూశారు సరే. చదివారా?"

"చదవడానికేముంది? నా పేరే కదా?"

హయ్‌ఫా నవ్వి కార్డు తిరిగిచ్చేసింది. "ఇంట్లో మీతో ఎవరుంటారు?"

"ఒక్కదాన్నే. ఈ నెల మొదటి నుంచీ అక్క ఉంది, మూడు వారాలకని. చుట్టపు చూపుగా వచ్చింది, మొట్టమొదటిసారి. ఆవిడకి ఈ గొడవ చెప్పలేదు. అరబ్బీ ముక్క రాదు కాబట్టి మా అరుపులు ఆవిడకి అర్థం కాలేదు. పాపం, సరదాగా గడపడానికి వచ్చిన మనిషిని ఎందుకు కంగారు పెట్టాలి?"

"రేపు పన్నెండింటికి మీ ఇంటికొస్తాం. అబూ నాయిఫ్‌ని, అబూ సుబ్‌హీని రమ్మనండి. అక్కగారికి మాత్రం ఏమీ చెప్పకండి."

ఆ మధ్యాహ్నం హయ్‌ఫా, మున్‌జిర్ ఆ మూడు దుకాణాలకీ బయలుదేరారు. మందుల షాపతను కార్డు మాట ఎత్తగానే చేతులు తిప్పుకుంటూ మొదలెట్టాడు. "అవునండీ, అబూ సుబ్‌హీయే వచ్చాడు. కార్డు మిషనుకి తాకించాడు, టింగుమంది, వెళ్లిపోయాడు. చిన్న మొత్తానికి రహస్య నంబరు అడగదు కదా. నాకేం తెలుసు?"

"ఏం కొన్నాడు?"

"రక్తపోటు మాత్రలు. మూడు నెలలకి సరిపడా."

డ్రై క్లీనింగు కొట్టులో వేలాడుతున్న బట్టల్లోంచి ఒక పొడుగాటి ఉన్ని కోటు తీసి చూపించాడు యజమాని. మోకాళ్లు దాటేంత పొడవు, మందమైన అస్తరు. "ఇంత ఎండల్లో దీన్ని ఎవరు తొడుక్కుంటారో నాకూ అర్థం కాలేదమ్మా. కాఫీ మరక పడింది. డబ్బు ముందే ఇచ్చేశాడు, తీసుకెళ్లడానికి ఇంకా రాలేదు."

పుస్తకాల దుకాణంలో కుర్రదాని సమాధానం విని మున్‌జిర్ మరోసారి చెప్పించుకున్నారు. వాచ్‌మన్ కొన్నది కొత్తవాళ్లకి ఇంగ్లీషు ద్వారా అరబ్బీ అక్షరాలు నేర్పే పుస్తకం.

బయటికి రాగానే ఆయన ఉండబట్టలేకపోయారు. "మేడమ్, ఇదెక్కడి విడ్డూరం! అరబ్బీలోనే పుట్టి పెరిగినవాడికి అరబ్బీ అక్షరాల పుస్తకమెందుకు? ఆ ఉన్ని కోటేమిటి? అతనికి మతి గానీ పోయిందా?"

"అతని మతి నిక్షేపంగా ఉంది, మాస్టారూ. మీరు కొన్నది ఎవరో చూస్తున్నారు. కొన్నవేమిటో చూడండి," అని ఆమె మిస్ గ్వెన్ ఉండే వీధి వైపు మెట్లు దిగింది.

అబూ సుబ్‌హీ భవనం గుమ్మంలో నీళ్లు చల్లి కడుగుతున్నాడు. రేపు తరిమేస్తారని తెలిసిన మనిషి ఈ రోజు మూలమూలలా తుడవడం చూసి మున్‌జిర్‌కి గుండె చివుక్కుమంది. ఆయన వేసిన మార్కులు కొంచెం తగ్గాయి.

"నాయనా, ఆ కార్డు నీకెక్కడిది?" అంది హయ్‌ఫా మెల్లగా.

అతను చీపురు గోడకి ఆనించి, కుడి అరచేయి తన తల మీద పెట్టుకున్నాడు. "ఒక మాట ఇక్కడికి ఎక్కించుకున్నానండీ. దించే హక్కు నాది కాదు. మిస్ గ్వెన్ నన్ను దొంగ అనుకున్నా సరే."

"ఇంగ్లీషు చదువుతావా?"

"నా పేరే చదవలేను. ఇంగ్లీషెక్కడ?"

"చాలు," అంది హయ్‌ఫా. దారి పొడవునా ఆమె ఏదో పాట కూనిరాగం తీస్తూనే ఉంది. మున్‌జిర్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు పన్నెండింటికి మిస్ గ్వెన్ ముందుగదిలో అందరూ చేరారు. అబూ నాయిఫ్ జపమాల గిరగిరా తిప్పుతున్నాడు. అబూ సుబ్‌హీ కూర్చోమన్నా కూర్చోకుండా తలుపు పక్కనే నిలబడ్డాడు. కిటికీ దగ్గర ఐలీన్ ఉన్ని అల్లుకుంటోంది. తెల్లజుట్టు, నిటారు నడుము. ఎవరో చెల్లెలి స్నేహితులనుకుని అందరికీ చిరునవ్వులు పంచుతోంది.

"తొందరగా కానివ్వండమ్మా. అవతల పోలీసులకి చెప్పి వచ్చాను," అన్నాడు అబూ నాయిఫ్.

హయ్‌ఫా అరబ్బీలోనే మొదలుపెట్టింది. "మిస్ గ్వెన్, ఆ కార్డు తీసి నంబరు కింద ఉన్నది చదవండి."

మిస్ గ్వెన్ కళ్లద్దాలు పెట్టుకుంది. "మే... ఈ సంవత్సరం మే."

"ఈ కార్డు మే నెలాఖరుకే చచ్చిపోయింది. కొన్నవన్నీ జూన్‌లో. చచ్చిన కార్డుని ఏ మిషనుకి తాకించినా టింగుమనదు. అంటే అబూ సుబ్‌హీ మీ డబ్బాలోది తీయలేదు."

మున్‌జిర్ నుదురు కొట్టుకున్నారు. కార్డు తన కళ్లముందే ఉంది, అంకెలూ కనిపించాయి. పాఠం చదవకుండా పరీక్ష రాసిన పిల్లాడిలా అయిపోయింది ఆయన పని.

"కానీ జూన్‌లో కూడా పేపరు చందా కట్ అయిందే!" అంది మిస్ గ్వెన్.

"అదే మిమ్మల్ని మోసం చేసింది. గడువు తీరేముందు బ్యాంకు అదే నంబరుతో కొత్త కార్డు చేయించింది. ఆ సంగతి చందావాళ్లకి బ్యాంకే చెప్పుకుంటుంది. రోజూ కార్డు వాడేవాళ్లయితే దుకాణంలో పనిచేయనప్పుడే కనిపెట్టేవారు. మీరు దాన్ని డబ్బాలో దాచుకుని, ఉందా లేదా అని మాత్రమే చూశారు. కొత్త కార్డు ఉత్తరంలో వచ్చి ఉంటుంది. నేను ఇరవై రెండేళ్లు చేసింది ఒకటే పని, ఉత్తరం ఎక్కడికి చేరిందో చూడటం. ఇది చేరింది మీరు బ్యాంకుకి రాసిచ్చిన ఇంటికి."

గదిలో అరబ్బీ తెలిసిన వాళ్లందరి కళ్లూ ఒక్కసారిగా కిటికీ వైపు తిరిగాయి. ఐలీన్ కుట్లు లెక్కపెట్టుకుంటూనే ఉంది.

"ఇక కొన్న వస్తువులు," అంది హయ్‌ఫా. "మూడు వారాలకి వచ్చిన మనిషికి మూడు నెలల మాత్రలెందుకు? మండుటెండల్లో ఉన్ని కోటు శుభ్రం చేయించి పెట్టుకోవడమెందుకు? అక్షరాల పుస్తకమెందుకు? ఇవి చుట్టపు చూపుగా వచ్చినవాళ్లు కొనేవి కావు. ఉండిపోవడానికి వచ్చినవాళ్లు కొనేవి."

అప్పుడు ఆమె ఐలీన్ వైపు తిరిగి, మొదటిసారి ఇంగ్లీషులో మాట్లాడింది. "అమ్మా, ఈ అబూ సుబ్‌హీ మీ చెల్లెలి కార్డు దొంగిలించాడని ఇంకో గంటలో పోలీసులొచ్చి పట్టుకెళతారు. తరవాత దేశంలోంచి పంపించేస్తారు. అతను మాత్రం ఎవరికో మాటిచ్చానని నోరు విప్పడం లేదు."

అల్లిక నేల మీద పడింది. ఉన్ని ఉండ దొర్లుకుంటూ అబూ నాయిఫ్ కాళ్ల దాకా పోయింది.

"దొంగా? అతనా?" ఐలీన్ గబగబా లేచి నిలబడింది. "కార్డు నేనిచ్చాను! మెట్లు దిగలేక చీటీలు రాసిచ్చి నేనే పంపాను. మా చెల్లికి చెప్పొద్దని నోటి మీద వేలేసుకుని చూపించాను. అతను తల మీద చెయ్యి పెట్టుకున్నాడు, అర్థమయిందన్నాడనుకున్నాను."

"అది అర్థమయిందనడం కాదక్కా," అంది మిస్ గ్వెన్ సన్నటి గొంతుతో. "ప్రాణం పోయినా మాట తప్పననడం."

ఐలీన్ తన సంచీలోంచి చింపిన కవరు తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. "నీకివ్వాలనే తెచ్చాను, గ్వెన్. అక్కడుండగా ఇంటి ఫోన్ నుంచే బ్యాంకుకి చేసి దీన్ని నడిచేలా కూడా చేశాను. ఇక్కడికొచ్చాక నా కార్డు పనిచేయలేదు. ఫోన్‌కి ఏదో అంకె పంపిస్తామంటారు. ఆ ఫోన్ నేను ఇంటితోపాటే తీయించేశాను. నా డబ్బు నాకే అందడం లేదు. ఎలాగో సర్దుకుని, వాడిన డబ్బు నీకిచ్చేద్దామనుకున్నాను."

"ఇంటితోపాటు అంటే?"

"నేను అద్దెకున్న ఆ ఇల్లు ఓనరు అమ్మేశాడు. మే నెలాఖరుకి ఖాళీ చేశాను. నా దగ్గర తిరుగు టికెట్టు లేదు."

"వచ్చిన రోజే చెప్పొచ్చుగా! నన్ను పరాయిదాన్ననుకున్నావా?"

"ప్రతి రోజూ కవరు చేతిలోకి తీసుకునేదాన్ని," అంది ఐలీన్. "ఇస్తే, మళ్లీ కార్డు ఎక్కడికొస్తుందని అడుగుతావు. ఆ చిరునామా ఉందన్న ధైర్యంతోనే నువ్వు ఇన్నేళ్లూ ఇక్కడ ఉన్నావు. ఇక అక్కడ నీకు ఇల్లు లేదని నా నోటితో నేనెలా చెప్పనే?"

వీధిలో గ్యాసు బండి తన పాట మోగించుకుంటూ వెళ్లిపోయింది. అబూ నాయిఫ్ వంగి ఉన్ని ఉండ తీసి, ఏం చేయాలో తెలియక చుట్టడం మొదలెట్టాడు. కాసేపటికి తెప్పరిల్లి, పోలీసులకి ఫోన్ చేసి, పొరపాటయిందని చెప్పేశాడు.

మిస్ గ్వెన్ కళ్లు తుడుచుకుని తాళంచెవి తీసుకుంది. తలుపు దగ్గరికి వెళ్లి అబూ సుబ్‌హీ ముందు నిలబడింది. "నాకు సిగ్గుగా ఉంది. పన్నెండేళ్లు నమ్మి, ఒక్క కాగితం చూసి మారిపోయాను. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు నాకు."

అతను తాళంచెవి వంక చూశాడు కానీ చెయ్యి చాపలేదు. "బాధ లేదని అబద్ధం చెప్పను, మిస్ గ్వెన్. రాత్రంతా మా పిల్లలకి ఏం చెప్పాలా అని ఆలోచించాను."

ఆమె తల వంచుకుంది. తాళంచెవి పక్కనున్న బల్ల మీద పెట్టి, ఫోన్ తీసింది. ఇరవై ఒక్క ఏళ్లుగా చేయని పని చేసింది. బ్యాంకుకి ఫోన్ కలిపి, తాను కెనడాలో లేనని చెప్పింది. అవతలి అమ్మాయి కొత్త చిరునామా అడిగింది. ఇంటి నంబరు ఎంత?

మిస్ గ్వెన్ బిక్కముఖం వేసింది. అమ్మాన్‌లో ఇంటి నంబరు ఎవరికి గుర్తుంటుంది? అబూ నాయిఫ్ వంక చూసింది. సొంత ఇంటి నంబరు ఆ పెద్దమనిషికీ తెలియదు.

"రొట్టెల కొట్టు ఎదురుగా మెట్లు దిగాక ఎడమ పక్క నాలుగో భవనం," అన్నాడు అబూ సుబ్‌హీ తలుపు దగ్గర నుంచి. "నంబరు ముప్పై ఏడు. మల్లెతీగ వెనక రేకు మీద ఉంటుంది. రోజూ తుడిచేది నేనేగా."

ఇలా దేశం బయట ఉన్నవాళ్లకి బహుశా కార్డు మూసేస్తారని చెప్పింది బ్యాంకు అమ్మాయి. ఇది మీ శాశ్వత చిరునామానా అని అడిగింది.

మిస్ గ్వెన్ అక్క వంక చూసింది. "అవును. ఇద్దరిదీ," అంది.

హయ్‌ఫాతో మెట్లు దిగుతూ మున్‌జిర్ ముక్కు చీదుకుంటుంటే, పైనుంచి అబూ సుబ్‌హీ గొంతు వినిపించింది. ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు. అతను బల్ల మీది తాళంచెవి తీసి నడుముకున్న గుత్తికి తగిలించుకుంటున్నాడు.

"పెద్దమ్మగారితో చెప్పండి, మిస్ గ్వెన్," అంటున్నాడు. "ఆ కోటు సాయంత్రం తెచ్చి పెడతాను. ఇక్కడా చలికాలం మంచు పడుతుంది."