వకుళ మంత్రాల కట్ట

పూర్వం మణికేతన రాజ్యానికి పెద్ద ఆపద వచ్చింది. ఉద్యానవనంలో ఆడుకుంటున్న ఏడేళ్ల రాకుమారిని కొండమీది శిలానేత్రమనే పక్షి తేరిపార చూసింది. పాప అక్కడికక్కడే రాయి అయిపోయింది. రెప్ప వేయడం ఎరగని ఆ పక్షిని ఒక్కసారి నిద్రపుచ్చితే, దాని చూపుకు బలైనవాళ్లంతా మళ్లీ మనుషులవుతారని పెద్దలు చెప్పారు.

రాజుగారు వకుళను పిలిపించారు. పద్దెనిమిదేళ్ల వకుళకు మూడువందల పన్నెండు మంత్రాలు వచ్చు. ఆ దేశంలో నేర్చిన ప్రతి మంత్రాన్నీ ఒక తాటాకు మీద రాసి, కొత్త ఆకును పైన గుచ్చుతారు. ఆకు చూసి చదివితేనే మంత్రం పనిచేస్తుంది. వకుళ ఆ కట్టను నలుగురికీ కనబడేలా చంకన పెట్టుకుని బజారులో తిరిగేది. అదే ధీమాతో కొండకు బయలుదేరింది. దారి చూపడానికి సింగన్న అనే ముసలి కట్టెలవాడు వెంట వెళ్లాడు.

కనుమలో నిప్పులు కక్కే పాము అడ్డం వచ్చింది. వకుళ గబగబా కట్ట విప్పింది. పిల్లికి తుమ్ములు తెప్పించే మంత్రం దొరికింది. పులుసులో ఎక్కువైన ఉప్పును లాగేసే మంత్రం దొరికింది. ఈలోగా సింగన్న గొడ్డలి తిప్పి పామును తరిమేశాడు గానీ, కుడిచేయి కాలి బొబ్బలెక్కింది. పాము పోయాక పాము మంత్రం దొరికింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

"దాని బలమెంతో చూద్దామని ఆగాను తాతా" అంది వకుళ.

"అలాగా తల్లీ" అన్నాడు సింగన్న.

అబద్ధం చెప్పినందుకు ఆమెకు తల కొట్టేసినట్టయింది. అయినా కట్ట మాత్రం సర్దుకోలేదు. సిగ్గుపడగానే బుద్ధి వచ్చేస్తే ఇంకేం కావాలి పిల్లలూ?

కొండకొమ్మున పక్షి రెక్కలు విప్పింది. నిద్రపుచ్చే మంత్రం వకుళ అన్నిటికంటే ముందు నేర్చింది కాబట్టి అన్నిటికంటే అడుగున ఉంది. ఆమె గబుక్కున లాగేసరికి ఆకులు చెదిరాయి. పక్షి తల ఇటు తిరిగేలోగా సింగన్న ఆమెకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే రాయి అయ్యాడు. వకుళ ఆకులన్నీ ఒడిలోకి ఊడ్చుకుని, మాయమయ్యే మంత్రం చేతికి తగిలితే అది చదివి పారిపోయింది.

ఏటి ఒడ్డున ఒక అవ్వ చేటలో ధాన్యం చెరుగుతోంది. ఆమె పేరుమోసిన తపస్విని, మాయమైనవాళ్లు కూడా ఆమెకు కనబడతారు. "ఎవరికి భయపడి దాక్కుంటున్నావే అమ్మాయీ?" అంది.

"ఎవరికీ కాదవ్వా. దారి చూపడానికి వచ్చిన తాత నాకు అడ్డం నిలబడి రాయి అయ్యాడు. నేనేమో ఆయన్ని వదిలేసి వచ్చాను. ఎవరికీ మొహం చూపించలేను."

అవ్వ ఆమె ఒడిలోకి చూసింది. "ఒక్కో ఆకూ తియ్యి. ఎందుకు నేర్చావో పైకి చెప్పు. నిజం చెప్పి ఏట్లో వదిలితే ఆ మంత్రం నిన్ను వదిలిపోతుంది."

వకుళ మొదలుపెట్టింది. "ఇది నాతోపాటు చదివిన చంద్రమతికి వచ్చని నేర్చాను. ఇది లెక్క పెరుగుతుందని. ఇదీ అంతే." నూరు ఆకులు ఏట్లో పడ్డాయి. అవ్వ తల ఎత్తకుండా ధాన్యం చెరుగుతూనే ఉంది. అది తిట్టుకన్నా ఎక్కువగా గుచ్చుకుంది. సాయంత్రానికి, అక్కరకొస్తాయని నేర్చినవి తొమ్మిది ఆకులే మిగిలాయి. మాయమయ్యే మంత్రం దగ్గర చెయ్యి ఆగింది.

"అదెందుకు?"

"మళ్లీ భయమేస్తే పారిపోవడానికి" అని తల దించుకుని, వకుళ దాన్నీ ఏట్లో వదిలేసింది. మిగిలిన ఎనిమిదింటినీ అక్కరపడే వరసలో గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున్నే కొండెక్కింది. భయం మాత్రం పోలేదు. పక్షి తల ఎత్తేలోగా పై ఆకు చదివేసింది. దాని రెప్పలు వాలిపోయాయి. సింగన్న ఒళ్లు విరుచుకున్నాడు.

"తాతా, పాము దగ్గర అబద్ధం చెప్పాను. నాకు మంత్రం దొరకలేదు."

"తెలుసు తల్లీ. నా చెయ్యి కాలుతుంటే నువ్వు ఆకులకేసే చూస్తున్నావు" అన్నాడు సింగన్న నెమ్మదిగా. వకుళ వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె ఏడుపు ఆగేదాకా కూర్చుని, "పద, పాప లేచే ఉంటుంది" అన్నాడు.

పాప లేవడమే కాదు, ఆకలని కోట పీకి పందిరేస్తోంది. నిండుసభలో వకుళ జరిగినదంతా దాచకుండా చెప్పి, బహుమానం సింగన్నకు ఇప్పించింది. తప్పు దాచుకోనందుకు మెచ్చి రాజుగారు ఆమెనే ఆస్థాన గురువుగా నియమించారు.

కొత్త శిష్యులు చేరినప్పుడల్లా వకుళ సింగన్నను పక్కన కూర్చోబెట్టుకుని, ముందుగా ఈ కథ చెప్పేది. ఎన్నిసార్లు చెప్పినా ఆమె ముఖం ఎర్రబడేది. ఎక్కడైనా తొందరపడితే ముసలాయన మచ్చపడిన చేత్తో ఆపి, "అబద్ధం సంగతి దాటేశావు తల్లీ" అనేవాడు.