బాగుపడిన హార్మోనికా

“మేడమ్, నా హార్మోనికా బాగుపడిపోయింది! మీరే కాపాడాలి!” అంటూ పళ్ళ డాక్టరు లోపలికి వచ్చిపడ్డాడు.

టీ గుటక వేస్తున్న సహాయకుడికి పొలమారింది. ఈ ప్రైవేటు డిటెక్టివ్ దగ్గర చేరాక పోయిన నగలు చూశాడు, పారిపోయిన పెళ్ళికొడుకును చూశాడు గాని, బాగుపడిందని గగ్గోలు పెట్టేవాణ్ణి చూడడం ఇదే మొదలు. ఆమెను వీధి వీధంతా భూతద్దం మేడమ్ అంటారు. ఎప్పుడూ ఆమె వెనకే తిరుగుతాడని అతనికి తోక అని పేరు పెట్టారు. అందుకతను ఏనాడూ నొచ్చుకోలేదు. అంతటి తలకాయకు తోకగా ఉండడం మాత్రం సామాన్యమా!

“ముందు కూర్చోండి. బాగుపడితే సంతోషమేగా?” అంది మేడమ్.

“అది మా మామగారి క్రోమాటిక్ హార్మోనికా మేడమ్. పక్కన మీట నొక్కితే అరస్వరాలన్నీ పలుకుతాయి. లోపలి చెక్క ఆయనే చెక్కారు, రీడ్లు, అంటే లోపల పలికే సన్నటి రేకులు, ఆయనే గీకి శ్రుతి చేసుకున్నారు. పోతూ పోతూ నా చేతిలో పెట్టారు. కొన్నాళ్ళుగా లోపల గాలి కారిపోయి, సగం పాటకే నాకు ఆయాసం వస్తోంది. పోనీ చూడ్డానికైనా బాగుంటుందని, పోయిన వారం పై మూతలు విప్పి బంగారు పూత వేయించాను. ఇవాళ పొద్దున ఊదితే, ఇలా ఊపిరి తగిలితే చాలు, అలా పలుకుతోంది! ఎవరో లోపలి సరుకంతా కొట్టేసి, కొత్తది పెట్టి, నా మూతలు తగిలించేశారు!”

అతను జేబురుమాలుతో నుదురు తుడుచుకున్నాడు. “సాయంత్రం కచేరీ. చివర్న మామగారి జోలపాట వాయించాలి. అది ఆయన వాయిద్యం కాకపోతే నేను వేదిక ఎక్కను. ఆయన్ని మోసం చెయ్యలేను.”

డాక్టరుగారిది కింద క్లినిక్కు, పైన కాపురం. మేడమ్, తోక అతని వెంట వెళ్ళేసరికి వరండాలో పూల గొడుగొకటి తెరిచి ఆరబెట్టి ఉంది. నిన్న మధ్యాహ్నం వాన దంచికొట్టింది.

“నిన్నంతా నేను ఇంట్లోనే ఉన్నాను. గడప దాటితే ఒట్టు,” అంది డాక్టరుగారి భార్య, ఎవరూ అడక్కముందే.

రిహార్సలుకు వచ్చిన కీబోర్డు వాద్యగాడు కూడా అక్కడే ఉన్నాడు. మేడమ్ అడిగితే డాక్టరు జోలపాట వాయించాడు. మూడో చరణంలో ఒక స్వరం చిన్నగా కిందికి వాలింది. అక్కడ కీబోర్డు వాద్యగాడు మొహం చిట్లించాడు. డాక్టరు భార్య పెదవుల మీద మాత్రం చిరునవ్వు వచ్చింది. తోక రెండూ చూశాడు గాని, వాటిని ఎలా కలపాలో అతనికి తోచలేదు.

“మార్చారో లేదో నాకు తెలీదండీ. ఆ ఒక్క స్వరం మాత్రం ఎప్పుడూ నా చెవిలో ముల్లే. నా చేతికి చిక్కి ఉంటే ముందు దాన్నే సరిచేసేవాణ్ణి,” అన్నాడు కీబోర్డు వాద్యగాడు.

మేడమ్ శ్రుతి చూసే మీటరు పెట్టి ఒక్కొక్క స్వరమే ఊదించింది. అన్నీ శ్రుతిలో ఉన్నాయి. ఆ ఒక్కటే వెంట్రుకవాసి తక్కువ.

“ఎవరి మీదైనా అనుమానముందా?”

“అనుమానమేమిటి, నా బామ్మర్దే! హార్మోనికాలు మెరుగుపెట్టడమే వాడి పని. తండ్రి వస్తువు నాకు దక్కిందని కడుపుమంట. బాగుచేస్తా ఇమ్మన్నాడు. ఇస్తే తిరిగొస్తుందా? ముట్టుకుంటే ఊరుకోనన్నాను. మూడేళ్ళుగా ఎడమొహం పెడమొహం.”

బావమరిది కొట్టు రెండు వీధుల అవతల ఉంది. అతను రీడుపలక మీద పొరలు అంటిస్తున్నాడు. అవి గాలి వృథా కాకుండా ఆపే సన్నటి ముక్కలు. ఎడమ దవడ బూరెలా వాచి ఉంది.

“మీ నాన్నగారి హార్మోనికా గురించి వచ్చాం. దాన్ని ఎవరో మార్చేశారని మీ బావగారి ఫిర్యాదు,” అంది మేడమ్.

“దాని మొహం చూసి మూడేళ్ళయిందండీ. అయినా దానికి బంగారు పూతేమిటి? అది వాయిద్యమా, వడ్డాణమా?”

“పన్ను ఎవరికైనా చూపించుకోకపోయారా?” అన్నాడు తోక జాలిగా.

“చూపించుకునే చోటు ఒక్కటే. అక్కడికి నేను వెళ్ళను.”

బయటికి వచ్చాక మేడమ్ నవ్వింది. “కేసు అయిపోయిందయ్యా. మధ్యాహ్నం అందరినీ క్లినిక్కుకి రమ్మను.”

“పళ్ళు పీకే ఆ కుర్చీలో మాత్రం నన్ను కూర్చోబెట్టకండి,” అన్నాడు తోక.

ఆ కుర్చీలో ఆమె బావమరిదిని కూర్చోబెట్టింది. తక్కినవాళ్ళు గోడ పక్కన నిలబడ్డారు.

“డాక్టరుగారూ, కొత్త సరుకే అయితే ఆ వాలిన స్వరం కూడా శ్రుతిలోనే ఉండేది. కాబట్టి ఇది నూటికి నూరుపాళ్ళూ మీ మామగారిదే.”

డాక్టరు హమ్మయ్య అని స్టూలు మీద కూలబడ్డాడు. “మరి బాగుచేసిందెవరు?”

“చెయ్యి తిరిగినవాడు. అన్నీ చక్కదిద్ది ఆ ఒక్కటీ వదిలేశాడంటే, అతనికి అది తప్పుగా తోచలేదన్నమాట. కీబోర్డాయన వదిలేవాడు కాదు, ఆ మాట తనే చెప్పాడు. ఆ స్వరం వింటూ నిద్రపోయినవాడే వదులుతాడు. పైగా మూడేళ్ళుగా మొహం చూడని వాయిద్యానికి పోయిన వారం వేసిన పూత సంగతి ఇతనికెలా తెలిసింది? ఇక గడప దాటని అమ్మగారి గొడుగు ఎందుకు తడిసింది?”

డాక్టరు భార్య కళ్ళు తుడుచుకుని భర్త వైపు తిరిగింది. “నేనేనండీ తీసుకెళ్ళాను. మీరు ఆయాసపడుతుంటే చూడలేకపోయాను. చెబితే ఒప్పుకోరు.”

“పొరలన్నీ మార్చాను, సందులు మూశాను,” అన్నాడు బావమరిది తల వంచుకుని. “ఆ రీడుని నాన్న కావాలనే దించుకున్నాడు బావా. అక్కడ స్వరం వాలితేనే పిల్లలకి నిద్ర పడుతుందనేవాడు. దాని మీదికి నా చెయ్యి పోలేదు.”

డాక్టరు లేచి విసవిసా కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. కొట్టేస్తాడేమోనని తోక ఒక అడుగు ముందుకు వేశాడు. డాక్టరు బావమరిది గడ్డం పట్టుకుని పైకెత్తాడు.

“ఆ దవడేమిట్రా?”

“చాన్నాళ్ళుగా సలుపుతోంది.”

“ఊళ్ళో నేనొక్కణ్ణేనా డాక్టర్ని?”

“నా నోట్లో ఇంకొకడి చెయ్యి పెట్టనిస్తానా?”

డాక్టరు తెల్లబోయాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. “నీ మొండితనం తగలెయ్య! నేనే మొండివాణ్ణనుకుంటే నాకు తాతవి దొరికావురా!” అని కళ్ళు తుడుచుకుని, దీపం వేసి, చేతి తొడుగులు తొడుక్కున్నాడు. “ఊఁ, నోరు తెరువు.”

ఆ సాయంత్రం డాక్టరు ఒక్క చరణంలోనూ ఆయాసపడలేదు. జోలపాట మూడో చరణానికి వచ్చేసరికి కీబోర్డు వాద్యగాడు మీటల మీంచి చేతులు తీసేశాడు. ఆ స్వరం ఒక్కటే, ఏ తోడూ లేకుండా, మెల్లగా వాలింది. తోక పక్కకి తిరిగి చూశాడు. ముందు వరసలో అక్క చెయ్యి పట్టుకుని బావమరిది ఏడుస్తున్నాడు. పంటికిచ్చిన మత్తు ఇంకా దిగలేదేమో, సగం నోటితోనే నవ్వుతున్నాడు కూడా.