తేటనీటి వారాలు

అంగారకుడి మీద అరుణపురి ఊరంతటికీ ఊపిరి పోసేది ఒక చెరువు. గాజు కప్పు కింద ఉన్న ఆ నీటిలో శైవలాలు, అంటే కంటికి ఆననంత చిన్న నాచు మొక్కలు, ఆక్సిజన్ వదిలేవి. ఏటా వసంతంలో నీరు చిక్కటి ఆకుపచ్చగా మారేది. అంత మేత దొరికేసరికి జంతుప్లవకాలు, అంటే నీటిలో తేలాడే చిన్న జీవులు, ముఖ్యంగా ఆవగింజంత డాఫ్నియాలు, తామరతంపరగా పెరిగి నాచునంతా మేసేసేవి. అప్పుడు కొన్ని వారాలపాటు చెరువు అడుగు కనిపించేంత తేటపడేది. ఊళ్లో ఆక్సిజన్ తగ్గేది, దాన్ని పొదుపు చేయడానికి గనులు ఆపేసేవారు. మేత చాలక డాఫ్నియాలు చచ్చిపోయాక మళ్లీ నాచు మొదలయ్యేది.

అలాంటి ఒక తేటనీటి కాలంలో, జీవశాస్త్రవేత్త నీరద చెల్లెలు మాలినికి పుట్టిన పాప ఊపిరాడక నీలంగా మారిపోయింది. బతికి బయటపడింది గానీ, ఆ ముఖాన్ని నీరద మరిచిపోలేకపోయింది. ఎంతో కష్టపడి ‘సమప్లవని’ అనే యంత్రం తయారుచేసింది. డాఫ్నియాలు వెలుతురుకు జడిసి పగలు లోతుల్లో దాక్కుంటాయి, చీకటి పడ్డాకే పైకొచ్చి మేస్తాయి. ఈ యంత్రం రాత్రిళ్లు కూడా నీటిలో వెలుతురు నింపి వాటిని అడుగునే ఉంచేది.

ఆ ఏడు చెరువు తేటపడలేదు. గనులు ఆగలేదు. ఊరంతా నీరదను మెచ్చుకుంది.

మరుసటి వసంతంలో ఒడ్డు పొడుగునా డాఫ్నియాలు ఉన్నట్టుండి పెరిగాయి. యంత్రంలో లోపమేమీ లేదు. ఎవరో తెచ్చి వదులుతున్నారని అనుమానం వచ్చి, ఒక ఉదయం నీరద ఒడ్డుకు వెళ్లింది. పాపను చంకనేసుకుని, బకెట్టులోని డాఫ్నియాలను చెరువులోకి వంపుతున్న మాలిని కనిపించింది.

“పాపకి ఏమైందో మరిచిపోయావా?” అని అడిగింది నీరద.

“మరిచిపోలేదక్కా. ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు సిద్ధంగా పెట్టుకున్నా. గని ఆగితే తప్ప ఆయన ఇంటి పట్టున ఉండరు. మొన్న వస్తే ఇది వాళ్ల నాన్నని చూసి బెదిరి ఏడ్చింది.”

“సెలవు అడగొచ్చుగా?”

“‘అందరూ పనిచేస్తుంటే నేనొక్కణ్ణీ ఎలా ఆగను?’ అంటారు. చెరువు తేటపడితే ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు.”

తనొక్కతే కాదని, వాళ్ల వీధిలో చాలామంది తొట్లలో డాఫ్నియాలను పెంచుతున్నారని కూడా చెప్పింది.

నీరద కోప్పడలేదు. యంత్రాన్ని మార్చింది. పచ్చటి నెలల్లో మిగిలిన ఆక్సిజన్‌ను ట్యాంకుల్లో దాచి, కొన్ని వారాలు రాత్రి వెలుతురు ఆపేసింది. చెరువు తేటపడింది. గనులు ఆగాయి. ట్యాంకుల్లోది అందడంతో ఇళ్లకూ ఆసుపత్రికీ మాత్రం గాలి తగ్గలేదు.

పాలకమండలి పెద్ద శరభయ్య తనిఖీకి వచ్చి ట్యాంకుల మీటరు చూశాడు. “ఇంత నిల్వ ఉంటే గనులు ఆపక్కర్లేదు కదమ్మా?”

“అక్కర్లేదండి,” అని నీరద ఉన్నమాటే చెప్పింది.

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. మాలిని భర్త భార్గవ మోకాలి లోతు నీళ్లలో నిలబడి పాపకు అడుగున ఉన్న గులకరాళ్లు చూపిస్తున్నాడు. పాప అతని చెవి పట్టుకుని వంగి చూస్తోంది.

“ఈ సంగతి ఇంకెవరికైనా తెలుసా?”

“తెలియదండి.”

“తెలియనివ్వకు,” అని శరభయ్య చెప్పులు విప్పి చేత పట్టుకుని, చెరువు వైపు నడిచాడు.