వీరయ్య విడిచిన చెప్పులు

ఫిల్మ్‌నగర్‌లోని ఆ స్టూడియోలో నీళ్ల సీన్లు తీయడానికి పెద్ద ట్యాంకు ఒకటుంది. దాని పక్కనే, బేస్‌మెంట్‌లో, కిటికీ లేని కంట్రోల్ రూం. ఏ పంపు ఎప్పుడు తిరగాలో, ఏ వాల్వు ఎప్పుడు మూసుకోవాలో అక్కడి కంప్యూటర్లో ప్రోగ్రాం పెట్టి టైము కట్టేస్తారు. ఆ టైముకి అది నడుస్తుంది, అంతే. మనిషి మర్చిపోతాడేమో గానీ అది మర్చిపోదు.

రెండేళ్లుగా ఆ కుర్చీ మనోజది. రహమత్ నగర్ పిల్ల. మౌసు పట్టుకోవడం దగ్గర్నుంచి పని నేర్పింది ఇంజినీరు శ్రీకృష్ణ. ఆయన్ని నోరారా అన్నా అని పిలిచి, రెండేళ్లూ రాఖీ కట్టింది. ఆమె పాస్‌వర్డ్ పెట్టింది కూడా ఆయనే. మార్చుకోవాలని ఆమెకెప్పుడూ తోచలేదు. అన్న దగ్గర దాపరికం ఏమిటి?

కంప్యూటర్ బల్ల పక్కన నేల మీద ఒక ఎర్ర పట్టా పరిచి ఉంటుంది. ట్యాంకు అడుగునున్న గుంతలోకి దిగి బురద తీసేది వీరయ్య. చదువు రాని మనిషి. అందుకని బోర్డులూ కాగితాలూ పెట్టుకోకుండా, దిగేముందు తన చెప్పులు ఆ పట్టా మీద విడిచేవాడు. పంపు తిరిగితే ముందు నీళ్లు నిండేది ఆ గుంతే. పట్టా మీద చెప్పులుంటే పంపు జోలికి ఎవరూ పోకూడదు. అదే వాళ్ల చట్టం.

మూడు వారాల కిందట మనోజ తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లిన మధ్యాహ్నం, మూడూ పదికి పంపు తిరిగింది. ఆమె వచ్చేసరికి వీరయ్య శవాన్ని బయటికి తీస్తున్నారు. చెప్పులు మెయిన్ గేటు దగ్గర దొరికాయి. పట్టా మీద చెప్పులు విడవకుండా దిగాడు, ఆటోమేటిక్ ప్రోగ్రాం నడిచింది, ఎవరేం చేస్తారన్నాడు శ్రీకృష్ణ. మనోజ నమ్మింది. నమ్మి, వీరయ్య భార్య రాజమ్మ ముందు కూర్చుని, "తాతే మర్చిపోయిండమ్మా" అని కూడా చెప్పి వచ్చింది.

ఆ రోజు నుంచీ మధ్యాహ్నం మూడు కాగానే కంప్యూటర్లోని ప్రోగ్రాంల లిస్టులో ఒక వరుస వస్తోంది. పంపు రెండు, మూడూ పది. తీసేస్తే పోతుంది, మర్నాడు మళ్లీ ఉంటుంది. "తీసెయ్యమ్మా, లోపలికెళ్లి చూడకు, సిస్టం పాడవుతుంది" అన్నాడు శ్రీకృష్ణ.

ఇవాళ నాలుగింటికి లేబర్ ఆఫీసరు విచారణకొస్తున్నాడు. మూడింటికి వరుస వచ్చింది. తీసేసింది. వచ్చింది. మళ్లీ తీసేసింది... మళ్లీ వచ్చింది. ఏసీ గదిలో ఎక్కడిదో బురద వాసన. ఎక్కడో నీళ్లు చుక్క చుక్కగా పడుతున్న చప్పుడు. మనోజ పక్కకి చూసింది.

ఎర్ర పట్టా మీద వీరయ్య చెప్పులు. తడిగా.

చెవి పక్కనే వీరయ్య గొంతు. "బిడ్డా... గీడనే ఇడిసిన గదా..."

అప్పుడు తెరిచింది ఆ వరుసని. ప్రోగ్రాం పెట్టిన రోజు, వీరయ్య పోయిన రోజే. పెట్టిన సమయం రెండూ యాభై. పెట్టినవారు: మనోజ.

ఆ సమయానికి ఆమె ఆసుపత్రి వరండాలో చీటీ పట్టుకుని నిలబడి ఉంది. పాస్‌వర్డ్ తెలిసిన రెండో మనిషి శ్రీకృష్ణ ఒక్కడే. ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో వచ్చాడు.

"అన్నా, గిదేంది? నా పేరెందుకున్నది?"

తేలు కుట్టిన దొంగలా వెనక్కి ఓసారి చూశాడు. తర్వాత తలుపు వేశాడు.

"ఆ రోజు హీరో వచ్చేశాడమ్మా. ట్యాంకు నిండలేదు. గుంతలోకి రెండుసార్లు కేకేశాను, పలకలేదు. చెప్పులు మర్చిపోయి వెళ్లిపోయాడనుకున్నా."

"చెప్పులు గేటు కాడికెట్ల పోయినయ్?"

శ్రీకృష్ణ మౌసు అందుకుని ఆ వరుస తీసెయ్యబోయాడు.

"నా పేరు మీదెందుకు పెట్టిన్రు అన్నా?"

"నాకు పిల్లలున్నారు మనోజా. నువ్వు చిన్నపిల్లవి, ఎవరూ పెద్దగా ఏమీ అనరు."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అన్లేదు. మనోజకి ఏడుపు రాలేదు. రాఖీ కట్టిన చెయ్యి మంటగా అనిపించింది.

శ్రీకృష్ణ చూపు పట్టా మీద పడింది. "ఎవడు పెట్టాడివి?" అంటూ ఆ తడి చెప్పులు అందుకుని, పడెయ్యడానికి ట్యాంకు వైపు పరుగెత్తాడు.

మూడూ తొమ్మిది.

పట్టా మీద ఇప్పుడు బూట్లున్నాయి. నల్లవి. లేసులు ముడి వేసే ఉన్నాయి... ఇప్పటిదాకా శ్రీకృష్ణ కాళ్లకున్నవి.

ట్యాంకు మీది సీసీ కెమెరాలో చూసింది. గుంత మూత తెరిచి ఉంది.

తీసెయ్ నొక్కింది. పోలేదు. ఆపు నొక్కింది. ఆగలేదు. పాస్‌వర్డ్ అడిగింది. కొట్టింది. తప్పంది. మళ్లీ కొట్టింది. తప్పంది.

మూడూ పది.

గోడ అవతల పంపు మూలిగి తిరగడం మొదలుపెట్టింది. గోడ మీద ఎవరో అరచేతులతో కొడుతున్నారు. "మనోజా..." ఆమె గొంతు చించుకుని అరిచింది, తలుపు లాగింది, అది రాలేదు. కాసేపటికి కొట్టుడు ఆగిపోయింది.

స్క్రీన్ మీద కొత్త వరుస. ఈ రోజు తేదీ. పంపు రెండు, నడిచింది. పెట్టినవారు: మనోజ.

"తాతా..." అంది మనోజ. "నువ్వు గూడ నా పేరు మీదనేనా?"

పట్టా వైపు తిరిగింది. బూట్లు లేవు. ఎర్ర పట్టా పొడిగా ఉంది.

ఫోన్ మోగింది. గేటు దగ్గరి సెక్యూరిటీ రామకృష్ణ.

"మేడమ్, ఆఫీసర్ సార్ జల్దినే వచ్చిండు. ఇంకోటి... శ్రీకృష్ణ సార్ బూట్లు గీడ గేటు కాడున్నయ్. సార్ బయటికైతే పోలే. ఏడున్నడు మేడమ్?"