భయానికి కొలతలు

ఆమె దర్జీ. ముందు గదిలో మిషను, లోపలి గదిలో మంచం. మనిషి గుమ్మం దాటుతుండగానే భుజమెంత, నడుమెంత అన్నది కళ్ళతోనే తేల్చేస్తుంది. భర్తను జ్వరం పొట్టన పెట్టుకుంది. ఇప్పుడు కూతురికీ జ్వరం వచ్చి తగ్గింది. తగ్గినా తల్లి గుండెల్లో రాయి మాత్రం కదల్లేదు.

అన్న భార్య ధ్యానం నేర్పింది. "భయాన్ని గెంటకే. రోజూ కళ్ళు మూసుకుని కూర్చో. అదెక్కడుందో, ఎంతుందో ఊరికే చూడు. చూడగా చూడగా అదే కరిగిపోతుంది."

సాయంత్రం పని కట్టిపెట్టి, మిషను నూనె వాసనలో చాప మీద కూర్చునేది. మొదట్లో భయం గొంతు కింద పిడికెడు ఉండేది. తర్వాత బయటికొచ్చి ఎదురుగా నిలబడింది. చూడటమంటే ఆమెకు కొలవడమే. భుజం. చెయ్యి పొడుగు. ఛాతీ.

ఆ మాట చెబితే వదిన పగలబడి నవ్వింది. "చూడమంటే కొలిచావా? చేతులెత్తమనకపోయావా, జాకెట్టు కుట్టిపెడుదువు!"

"ఎత్తింది వదినా."

వదిన నవ్వు ఆగిపోయింది.

ఆ వారమే కూతురి గౌను భుజాల మీంచి జారింది. కుట్టు బిగించింది. మళ్ళీ జారింది. కళ్ళు మూసుకుంటే ఎదుటిది పెరుగుతోంది. దర్జీ కన్ను పొరబడదు. పిల్లకు తగ్గినంతే... దానికి పెరిగింది.

కూర్చోవడం మానేసింది.

ఆ సాయంత్రం లోపలి గదిలోంచి కూతురు గుసగుసగా పిలిచింది. "అమ్మా, ఇవాళ నువ్వు కూర్చోలేదేం?"

"ఎందుకు తల్లీ?"

"నువ్వు రాలేదని... అది నా పక్కన పడుకుంది."

ఆమె పరుగున వెళ్ళి చాప మీద కూలబడింది. కళ్ళు మూసుకుంది. మంచం కిర్రుమంది. అడుగులు. మెత్తగా... ఎదురుగా ఆగాయి. కొలవకూడదనుకుంది. కొలిచేసింది.

"నీ కాళ్ళు పట్టుకుంటా... నా పిల్లనొదిలెయ్..."

మొహం మీద ఊపిరి తగిలింది. జ్వరమొచ్చిన పిల్ల ఊపిరిలా వెచ్చగా.

కళ్ళు తెరిచింది. ఎవరూ లేరు. మంచం దగ్గరికి ఉరికి, కూతురి ఛాతీ మీద చెవి ఆనించింది. గుండె చప్పుడు స్పష్టంగా వినిపించింది. హమ్మయ్య అనుకుని తలెత్తింది.

చప్పుడు ఆగలేదు.

అది వెనక నుంచి... చాప దగ్గర నుంచి వస్తోంది.

చేత్తో తడిమింది. కూతురి ఛాతీలో ఏ కదలికా లేదు.

పిల్ల కళ్ళు తెరిచి నవ్వింది. "ఏంటమ్మా, అలా చూస్తున్నావ్?"