కలగలుపు గుడ్లు

బడిలో మధ్యాహ్నం గంట మోగింది. గిలక వెనక్కి తిరిగి చూసేసరికి తన బల్ల మీద అట్టపెట్టె ప్రత్యక్షమైంది. లోపల మెత్తని పాత తువ్వాలు. మూతకి గాలి ఆడేందుకు చిల్లులు.

"నా బాతుపిల్లకి ఇల్లు!" అంది పక్కన కూర్చునే స్నేహితురాలు పొట్టి. "ఎప్పుడు తెస్తావే?"

గిలక చూపు పెట్టె చిల్లుల మీదికి జారింది.

"రేపో... ఎల్లుండో."

ఆ పిల్లకి గిలక అనే పేరు ఊరికే రాలేదు. నిద్రలో కూడా నోరు మూతపడదని ఇంట్లోవాళ్లే చెబుతారు. ఇంట్లో బాతు పొదగడానికి కూర్చున్న రోజే క్లాసంతా చాటింపు వేసేసింది.

"మా బాతు అరిస్తే పక్క వీధిలో గడియారాలు ఆగిపోతాయి! ఇక దాని పిల్లలు ఎలా ఉంటాయో మీరే చూసుకోండి. తలా ఒకటి ఇస్తా!"

పొదిగే గడువు దాటిపోయింది. గుడ్లు గులకరాళ్లలా అలాగే ఉన్నాయి.

ఊరు వెళ్తూ అమ్మమ్మ అసలు సంగతి ముందే చెప్పింది. ఆ బాతు పేరు కలగలుపు. దాని నాన్న మామూలు పెంపుడు బాతు. అమ్మేమో ముఖం మీద ఎర్రని కండ ఉండే వేరే జాతి.

"రెండూ చుట్టాలే కానీ జాతులు వేరే," అంది అమ్మమ్మ. "అయినా జత కట్టాయి, ఇది పుట్టింది. దీనికి మాత్రం పిల్లలు పుట్టవు. గుర్రానికీ గాడిదకీ పుట్టిన కంచరగాడిద పిల్లల్ని కంటుందా? ఇదీ అంతే. పెట్టేవన్నీ ఉత్తి గుడ్లే."

"మరి కూర్చుంది కదా అమ్మమ్మా!"

"దానికేం తెలుసు పిచ్చిది? తిండి మానేసి అలాగే కూర్చుంటుంది. ఇవాళే ఆ గుడ్లు తీసేయి. నువ్వూ నువ్వే! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!"

గిలక తల ఊపింది. గుడ్లు మాత్రం తీయలేదు. అమ్మమ్మ మాట తప్పైతే? ఒక్కటంటే ఒక్కటి పగిలితే? పొట్టికి ఇచ్చేయొచ్చు కదా!

పొట్టి పెట్టె తెచ్చిన రోజు సాయంత్రం బడి నుంచి రాగానే బాతుల కొట్టంలోకి పరుగెత్తింది. పొద్దున పెట్టిన గింజలు పెట్టినట్టే ఉన్నాయి. నీళ్లూ తగ్గలేదు. కలగలుపు తలెత్తి కూడా చూడలేదు. గిలక దాని రొమ్ము కింద చెయ్యి పెట్టింది. ఎముక గుచ్చుకుంది.

ఒక గుడ్డు తీసి టార్చిలైటుకి అడ్డం పెట్టింది. లోపల పిల్ల ఉంటే నల్లగా కనబడాలి. నలుసైనా లేదు. ఇంకోటి. ఇంకోటి. అన్నీ ఖాళీ దీపాల్లా వెలిగాయి.

"ఉండలేక వచ్చేశానే!" గుమ్మంలో పొట్టి. చంకలో అట్టపెట్టె. "పుట్టాయా?"

'రేపు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గిలక కలగలుపు వైపు చూసింది. దాని కళ్లు వాలిపోతున్నాయి.

"పుట్టవే," అంది. "ఎప్పటికీ పుట్టవు. అమ్మమ్మ ముందే చెప్పింది."

"మరి మధ్యాహ్నం నాతో అబద్ధమెందుకు ఆడావు?"

"ముందు గొప్పలు పోయా. తర్వాత వెనక్కి తీసుకోవడానికి మొహం చెల్లలేదు."

పొట్టి మూతి ముడుచుకుంది. తిట్టినా బాగుండేది.

గిలక గూట్లో చెయ్యి పెట్టింది. కలగలుపు కసిగా పొడిచింది. "అబ్బా!" అంటూనే గుడ్లన్నీ తీసేసింది. బాతు ఖాళీ గూట్లో ముక్కుతో వెతికింది. గడ్డిని అటూ ఇటూ లాగింది. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు.

కాసేపటికి పొట్టి పెట్టెలోంచి తువ్వాలు తీసి భుజాన వేసుకుంది. గింజలు పెట్టెలో పోసి బాతు ముందుకు జరిపింది.

కలగలుపు మెడ చాచింది. ఆగింది. ఒక్క గింజ పొడిచింది. మళ్లీ ఆగింది.

"రేపటికి కోలుకుంటుందా?" అని గుసగుసగా అడిగింది పొట్టి.

గిలక నోరు తెరిచింది. 'రేపటికి ఎగురుతుంది చూడు!' అనబోయి ఆగింది.

"తెలీదే," అంది. "పొద్దున చూసి చెప్తా."